పెంపుడు కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని పక్కింటివారిని ఎలా ఒప్పించాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా పక్కింటివారి ఆడకుక్క ఏడాదిన్నరలో రెండుసార్లు ఈనింది. మొదటి ఈతలో పుట్టిన నాలుగు పిల్లలను, కళ్లు తెరిచి వారమైనా కాకముందే, యాపిల్ పండ్ల అట్టపెట్టెలో పెట్టి రైతు బజారు గేటు దగ్గర వదిలి వచ్చారు.

ఆపరేషన్ మాట ఎత్తినప్పుడు ఆ ఇంటి పెద్దాయన "ఒక్క కాన్పయినా కానివ్వాలి" అన్నారు. ఇప్పుడేమో "కోత పెట్టించడం పాపం, పైగా ఒళ్లు వచ్చి కాపలా కాయదు" అంటున్నారు. (పిల్లలను వదిలిరావడం పాపం కాదా అని అడగబోయి ఊరుకున్నాను.) గర్భసంచి తీసేస్తే దానికి చీము పట్టే ప్రాణాంతకమైన జబ్బు రాదనీ, ఒళ్లు రావడం మనం పెట్టే తిండి కొలతను బట్టి ఉంటుందనీ, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల విషయంలో ఈ బాధ్యత యజమానిదేననీ చెప్పి చూశాను. నిబంధనల మాట వినగానే ఆయన ముఖం ముడుచుకున్నారు. అది నా తొందరపాటే.

ఇలాంటి పెద్దవారిని నొప్పించకుండా ఒప్పించినవారు మీలో ఉంటే, ఏ మాట పనిచేసిందో దయచేసి తెలుపగలరా? గుంటూరులోగాని విజయవాడలోగాని ఇటీవల ఈ ఆపరేషన్ చేయించినవారు ఖర్చు ఎంతయిందో, కుట్లు మానేవరకు కుక్కను ఎలా చూసుకున్నారో రాస్తే ఆయనకు చదివి వినిపిస్తాను. రెండో ఈత పిల్లలకు ఇప్పుడు మూడు వారాలు. అవి పాలు మానేలోపు ఆయన చేత సరేననిపించాలని నా ఆత్రం.