మోడల్ పడవ హల్‌పై కుంచె గీతలు పోయేదెలా?

ప్రశ్న

విశాఖపట్నం చేపల రేవులోని మరపడవను చూసి, 60 సెంటీమీటర్ల బల్సా చెక్క నమూనాను నాలుగు నెలలుగా తయారు చేస్తున్నాను. స్ప్రే యంత్రం లేనందువల్ల హల్‌కు, అంటే పడవ బయటి ఒంటికి, ఎనామిల్ రంగును కుంచెతోనే వేశాను. ఆరిన తరువాత వెలుతురుకు పట్టి చూస్తే దువ్వెనతో దువ్వినట్లు గీతలు కనిపిస్తున్నాయి. పడవ ఎంతవరకు మునుగుతుందో చూపే, ఎరుపు, నీలం కలిసే నీటిగీత కూడా వంకరపోయింది. రంగంతా గీకివేయవలసిందేనా?

జవాబు 1

అవసరం లేదు. వారం రోజులు ఆరనిచ్చి, 400 నంబరు వాటర్ పేపరును తడిపి, గీతలు వేలికి తగలకుండా పోయేంత వరకు రుద్దండి. లోపం మీ చేతిలో లేదు, రంగు చిక్కదనంలో ఉంది. ఎనామిల్‌లో సుమారు పదో వంతు టర్పెంటైన్ కలిపి, వెడల్పాటి మెత్తని కుంచెతో ముందు కొన నుంచి వెనుక వరకు ఒకే దిశలో లాగండి. ఎక్కడైనా పలచబడినట్లు కనిపించినా మళ్ళీ అక్కడికి వెళ్ళకండి, ఎందుకంటే సగం ఆరిన రంగు మీద కుంచె పడితే ఆ గీత ఇక సర్దుకోదు. మొదటి పూతలో కింది రంగు కనిపించడం సహజమే. రోజుకొకటి చొప్పున మూడు పలుచని పూతలు వేయండి, ఆ సమయంలో ఫ్యాను ఆపండి.

జవాబు 2

రుద్దేటప్పుడు చెక్క బయటపడితే అక్కడ ముందుగా శాండింగ్ సీలర్ (చెక్క రంధ్రాలను పూడ్చే పూత) వేయండి, లేకపోతే బల్సా రంగును పీల్చేసుకుంటుంది. నీటిగీత కోసం పడవను సమమైన బల్లపై కదలకుండా నిలబెట్టి, ఒక చెక్కదిమ్మెకు పెన్సిలు బిగించి, ఆ దిమ్మెను హల్ చుట్టూ జరపండి. ఆ గీత వెంబడి మాస్కింగ్ టేపు అతికించాక, దాని అంచు మీద ముందుగా టేపు కింద ఉన్న రంగునే పలుచగా పూస్తే సందులు మూసుకుపోతాయి, రెండో రంగు లోపలికి పాకదు. రంగు పూర్తిగా గట్టిపడక ముందే టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి.

జవాబు 3

అడుగుభాగానికి మెరుపు లేని ఎరుపునే ఎంచుకోండి. నాచు, గుల్లలు పట్టకుండా ఓడల అడుగుకు వేసే రంగులో కాపర్ ఆక్సైడ్ ఉంటుంది, ఆ ఇటుక ఎరుపు దాని నుంచి వచ్చినదే. పడవను నీటిలో నడిపే ఉద్దేశం ఉంటే, బ్యాటరీ, మోటారు పెట్టి తొట్టెలో తేల్చి చూసిన తరువాతే నీటిగీత గీయండి.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. బ్యాటరీ పెట్టి తేల్చి చూస్తే, నేను గీసిన గీత కంటే వెనుకభాగం ఒక సెంటీమీటరు లోతుగా మునిగింది. ముందు బ్యాటరీని కాస్త ముందుకు జరిపి, ఆ తరువాత రుద్దడం మొదలుపెడతాను.