పాత హోమ్ కన్సోల్స్ నిజంగా ఇండస్ట్రీని మార్చాయా, లేక ఆర్కేడ్ గేమ్స్‌ని ఇంటికి తెచ్చాయి అంతేనా?

జాయ్‌స్టిక్_జగ్గు

నాకూ మా ఫ్రెండ్‌కీ కొన్నాళ్లుగా ఒకటే వాదన. వాడేమంటాడంటే 70ల్లో 80ల్లో గేమింగ్ అంటే ఆర్కేడే (బయట కాయిన్ వేసి ఆడే పెద్ద మెషిన్లు), డబ్బంతా అక్కడే, ఐడియాలన్నీ అక్కడే, ఇంట్లో టీవీకి తగిలించుకునే డబ్బాలు అక్కడి హిట్ గేమ్స్‌ని నాసిరకంగా కాపీ కొట్టి అమ్ముకున్నాయి తప్ప కొత్తగా పీకిందేం లేదు అని. నాకది పూర్తిగా కరెక్ట్ అనిపించట్లేదు, కానీ గట్టిగా కౌంటర్ ఇద్దామంటే అటారీ, నింటెండో అని పేర్లు చెప్పి ఆగిపోతున్నా. మ్యాగ్నవాక్స్ వాళ్ల ఒడిస్సీ నుంచి నింటెండో వాళ్ల నెస్ దాకా, అంటే 1972 నుంచి 1985 దాకా వచ్చిన మెషిన్లు ఇవాళ్టి ఇండస్ట్రీకి అసలేం ఇచ్చాయి? "మారియో వచ్చాడు" టైపు ఆన్సర్లు వద్దు ప్లీజ్, అది నాకూ తెలుసు.

తుప్పు_కార్ట్రిడ్జ్

మీ ఫ్రెండ్‌కి ముందు ఈ ఒక్కటి చెప్పండి, పాంగ్ ఆర్కేడ్ గేమే కదా, అది పుట్టిందే ఒక హోమ్ కన్సోల్‌ని చూసి. రాల్ఫ్ బేర్ అనే ఇంజనీర్ శాండర్స్ అసోసియేట్స్‌లో పనిచేస్తూ 60ల చివర్లో "బ్రౌన్ బాక్స్" అని ఒకటి తయారు చేశాడు, మ్యాగ్నవాక్స్ దానికి లైసెన్స్ తీసుకుని 1972లో ఒడిస్సీ పేరుతో అమ్మింది. అదింకా షాపుల్లోకి రాకముందే మే నెలలో ఒక డెమో పెడితే అటారీ స్థాపకుడు నోలన్ బుష్నెల్ వెళ్లి అందులో టేబుల్ టెన్నిస్ చూసొచ్చాడు, ఆ తర్వాతే అటారీలో అల్ ఆల్‌కార్న్ చేత పాంగ్ చేయించాడు. మ్యాగ్నవాక్స్ కోర్టుకెక్కితే 1976లో అటారీ రాజీపడి లైసెన్స్ డబ్బులు కట్టింది కూడా. (1971లోనే కంప్యూటర్ స్పేస్ అనే ఆర్కేడ్ గేమ్ ఉంది, కాబట్టి ఆర్కేడ్‌కి క్రెడిటే లేదని నేననట్లేదు.)

కానీ ఒడిస్సీని మరీ మోసేయక్కర్లేదు లెండి. ప్రాసెసర్ లేదు, సౌండ్ లేదు, స్కోర్ మనమే రాసుకోవాలి, టీవీ అద్దం మీద రంగుల ప్లాస్టిక్ షీటు అంటించుకుని అదే గ్రౌండ్ అనుకోవాలి. దాంతో కార్డులు ఇచ్చేవాళ్లు గానీ వాటిలో గేమ్ అంటూ ఏమీ ఉండదు, లోపలున్న సర్క్యూట్ కనెక్షన్లు మారుస్తాయి అంతే.

నన్నడిగితే అసలు మలుపు 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్. అప్పటికి జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు పాంగ్ మొత్తాన్ని ఒకే చిప్‌లో పెట్టి ఎవరికి పడితే వాళ్లకి అమ్మేస్తున్నారు, దాంతో కనబడ్డ ప్రతి కంపెనీ ఒక పాంగ్ డబ్బా దించేసింది, అన్నిట్లోనూ అవే బంతీ బ్యాటూ, నెల తిరిగేసరికి బోర్ కొట్టి డబ్బా అటకెక్కుతుంది. ఛానల్ ఎఫ్‌లో మైక్రోప్రాసెసర్ ఉంది, గేమ్ విడిగా రోమ్ చిప్ (రాసింది చెరిగిపోని మెమరీ) మీద, కార్ట్రిడ్జ్‌లో వస్తుంది. ఐడియా మొదట ఆల్పెక్స్ అనే కంపెనీ ఇద్దరు ఇంజనీర్లది, దాన్ని జనం చేతుల్లో పెట్టి వంద సార్లు పెట్టి తీసినా చెడిపోని వస్తువుగా మార్చింది జెర్రీ లాసన్ టీమ్. మెషిన్ పెద్దగా అమ్ముడవలేదు, కానీ గేమ్ అనేది మెషిన్ నుంచి విడిపోయి సొంతంగా అమ్ముడుపోయే సరుకైంది అక్కడే. ఆర్కేడ్‌లో మీరు గేమ్ కొనరు, కాయిన్ వేసి కాసేపు అద్దెకి ఆడతారు. గేమ్‌ని కొనుక్కుని షెల్ఫ్‌లో పెట్టుకునే అలవాటు హోమ్ కన్సోల్ ఇచ్చిందే.

బీమ్_ఛేజర్

పై ఆయన బిజినెస్ సైడ్ చెప్పారు, నేను డిజైన్ సైడ్ చెప్తా ఎందుకంటే "నాసిరకం కాపీ" అన్న మాటకి నాకు కొంచెం మండింది 😄

అటారీ వీసీఎస్ (తర్వాత 2600 అన్నారు) 1977లో వచ్చింది, మొత్తం రామ్ (గేమ్ నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లు! స్క్రీన్‌ని గుర్తుపెట్టుకోడానికి ఫ్రేమ్ బఫర్ లేదు, టీవీలో ఎలక్ట్రాన్ బీమ్ ఒక్కో లైన్ గీస్తూ కిందకి దిగుతుంటే ప్రోగ్రామర్ రాసిన కోడ్ దానితోపాటే పరిగెత్తుతూ ఈ లైన్‌లో ఏం కనపడాలి అన్నది అప్పటికప్పుడు చెప్పాలి, లైన్‌కి ప్రాసెసర్ సైకిల్స్ 76, అంతకన్నా ఎక్కువ తీసుకుంటే బొమ్మ చెదిరిపోతుంది. హార్డ్‌వేర్ ఇచ్చే కదిలే బొమ్మలు రెండు ప్లేయర్లు, రెండు మిస్సైళ్లు, ఒక బాల్, ఎందుకంటే దాన్ని డిజైన్ చేసిందే పాంగ్, ట్యాంక్ లాంటి ఇద్దరాడే గేమ్స్ కోసం.

ఇప్పుడు దానిమీద స్పేస్ ఇన్వేడర్స్ ఎలా తెచ్చారో చూడండి. ఆర్కేడ్‌లో 55 మంది ఏలియన్లు, వీసీఎస్‌లో 36. వరసకి ఆరుగురే ఎందుకు? ఒక్కో ప్లేయర్ బొమ్మని పక్కపక్కనే మూడు కాపీలు చూపించే సౌకర్యం చిప్‌లో ఉంది, రెండు ప్లేయర్లు ఇంటూ మూడు, ఆరు. కాపీ అనండి కానీ ఆ కాపీ కొట్టడానికి కొత్త గేమ్ రాసినంత బుర్ర పెట్టాలి. 1980లో అది వచ్చాకే, ఆ ఒక్క కార్ట్రిడ్జ్ కోసం కన్సోల్ కొన్నవాళ్లున్నారు, ఇవాళ ఎక్స్‌క్లూజివ్స్ (ఒక్క మెషిన్ మీదే దొరికే గేమ్స్) కోసం జనాలు కొట్టుకుంటున్నారే, ఆ రోగం అక్కడ మొదలైంది.

ఇంకోటి, ఆర్కేడ్ గేమ్‌కి మూడు నిమిషాల్లో మిమ్మల్ని చంపి ఇంకో కాయిన్ వేయించడం మీదే బతుకు. ఇంట్లో ఆ తొందర లేదు కాబట్టి వేరే రకం గేమ్ పుట్టింది. వీసీఎస్ మీద వచ్చిన అడ్వెంచర్ అనే గేమ్‌లో కోటలు, తాళాలు, డ్రాగన్లు, తీరిగ్గా తిరగడమే. అటారీ డెవలపర్ల పేర్లు బయట పెట్టేది కాదని ఆ గేమ్ చేసిన వారెన్ రాబినెట్ తన పేరుని అందులో ఒక రహస్య గదిలో దాచాడు, ఈస్టర్ ఎగ్ (గేమ్‌లో దాచిన సర్‌ప్రైజ్) అన్న మాట గేమ్స్‌లోకి వచ్చింది దీంతోనే. 1982లో పిట్‌ఫాల్ అయితే 4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో 255 స్క్రీన్లు, వాటిని దాచిపెట్టలేదు, ఒక చిన్న ఫార్ములా ఎప్పటికప్పుడు పుట్టిస్తుంది, టైమర్ 20 నిమిషాలు. కాయిన్ మెషిన్ పెట్టుకున్న ఏ ఓనరూ 20 నిమిషాలు ఒప్పుకోడు.

జాయ్‌స్టిక్_జగ్గు

వావ్ ఆ ఇంటూ మూడు సంగతి అస్సలు తెలీదు. కానీ ఇది చెప్తే వాడు వెంటనే "మరి 1983లో అమెరికాలో కన్సోల్ మార్కెట్ మొత్తం కుప్పకూలింది కదా, అంటే ఆ మోడలే ఫెయిలు" అంటాడు. సినిమా ఆధారంగా అటారీ దించిన ఈటీ గేమ్ చెత్తగా ఉండటం వల్లే కూలిందా నిజంగా?

నిద్రలేని_కోడర్

ఈటీ ఒక్కదాని మీద తోసేయడం సులువు, హోవర్డ్ స్కాట్ వార్షా ఒక్కడికి ఐదు వారాలిచ్చి క్రిస్మస్‌కి గేమ్ కావాలన్నారు, పాపం ఆయనేం చేస్తాడు. న్యూమెక్సికోలో అలమగోర్డో దగ్గర అటారీ కార్ట్రిడ్జ్‌లు పూడ్చిందన్నది పుకారు కాదు, 2014లో తవ్వి తీశారు, ఈటీతో పాటు వేరే గేమ్స్ కూడా బయటపడ్డాయి.

అసలు కథ దానికి ముందుంది. 1979లో డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కప్లాన్ అనే నలుగురు అటారీ ప్రోగ్రామర్లు, మేం చేసిన గేమ్స్ మీద కోట్లు సంపాదిస్తున్నారు మాకు పేరూ లేదు వాటా లేదు అని బయటికొచ్చేశారు, మ్యూజిక్ ఇండస్ట్రీ నుంచి వచ్చిన జిమ్ లెవీతో కలిసి యాక్టివిజన్ పెట్టారు. మెషిన్ ఒకడిది, గేమ్ ఇంకొకడిది, ఇది అప్పటిదాకా లేదు. అటారీ కేసు వేసింది, 1982లో సెటిల్ అయ్యి యాక్టివిజన్ రాయల్టీ కట్టడానికి ఒప్పుకుంది. యాక్టివిజన్ వాళ్లు క్వాలిటీ చేశారు, డెవలపర్ పేరు బాక్స్‌కి ఎక్కించారు. కానీ వాళ్ల వెనకాల గేమ్ అంటే ఏంటో తెలీని కంపెనీలు కూడా దిగాయి, వీసీఎస్‌లో ఎవరి కార్ట్రిడ్జ్ అయినా నడుస్తుంది, ఆపే తాళమే లేదు. షాపుల్లో స్టాకు పేరుకుపోయి, సగం ధరకి, ఇంకా తక్కువకి తోసేస్తుంటే మంచి గేమ్‌ని ఫుల్ రేటుకి ఎవడు కొంటాడు. అటారీ కూడా ప్యాక్‌మ్యాన్‌ని అవసరానికి మించి కోటి పైన తయారు చేయించుకుంది. అమెరికాలో 300 కోట్ల డాలర్లు దాటిన మార్కెట్ 1985కి 10 కోట్ల దగ్గరికి వచ్చిపడింది.

నింటెండో దీన్నే చూసి నేర్చుకుంది. 1985లో న్యూయార్క్‌లో నెస్ దింపినప్పుడు లోపల 10నెస్ అనే లాకౌట్ చిప్ పెట్టింది, కార్ట్రిడ్జ్‌లో దాని జత చిప్ లేకపోతే మెషిన్ రీసెట్ అవుతూనే ఉంటుంది. కార్ట్రిడ్జ్‌లు నింటెండోనే తయారు చేస్తుంది, పబ్లిషర్ ముందే డబ్బు కట్టాలి, ఏడాదికి ఐదు గేమ్సే, ఆ గేమ్ రెండేళ్లు వేరే కన్సోల్ మీదికి పోకూడదు. కొనామీ ఆ ఐదు లెక్క తప్పించుకోడానికి అల్ట్రా గేమ్స్ అని ఇంకో పేరు పెట్టుకుంది 😂 ఇప్పుడు ఏ కన్సోల్‌కి గేమ్ చేసినా ప్లాట్‌ఫామ్ ఓనర్ అనుమతి, అమ్మకంలో వాటా, సర్టిఫికేషన్, ఆ తాడు మొదలు ఇక్కడుంది. యాప్ స్టోర్ మీద గొడవలు కూడా ఈ కుటుంబమే. మోడల్ ఫెయిల్ అవ్వలేదు, గేటు లేని మోడల్ ఫెయిల్ అయింది. గేటు కాపలా వాడికి ఎంత పవర్ ఇవ్వాలన్నది వేరే గొడవ, నాకైతే ఎక్కువే ఇచ్చామనిపిస్తుంది.

స్పెక్ట్రమ్_సీను

అందరూ అమెరికా కథని ప్రపంచం కథలా చెప్తున్నారు. బ్రిటన్‌లో 1983లో క్రాష్ అని ఎవరూ పెద్దగా గమనించలేదు, అక్కడ పిల్లలు స్పెక్ట్రమ్, కమడోర్ 64 లాంటి కంప్యూటర్ల మీద క్యాసెట్ గేమ్స్ ఆడుతున్నారు, ఎవరి పర్మిషనూ అక్కర్లేకుండా బెడ్రూంలో కూర్చుని గేమ్ రాసి అమ్మొచ్చు. 1984లో ఎలీట్ అనే గేమ్ బీబీసీ మైక్రో కంప్యూటర్ మీద వచ్చింది, ఇద్దరు స్టూడెంట్లు చేశారు, గెలాక్సీ అంతా తిరగొచ్చు, ఏ కన్సోల్ మీదా లేదప్పుడు అలాంటిది. జపాన్‌లో అయితే అదే 1983 జులైలో ఫామికామ్ (నెస్‌కి జపాన్ రూపం) మొదలైంది, వాళ్లకది పుట్టిన ఏడాది. పైగా ఆ మొదటి ఫామికామ్‌లో లాకౌట్ చిప్ లేదు, తాళం అమెరికా కోసం చేయించింది. కాబట్టి "అన్నీ కన్సోల్సే ఇచ్చాయి" అంటే నేనొప్పుకోను.

తుప్పు_కార్ట్రిడ్జ్

@స్పెక్ట్రమ్_సీను ఒప్పుకుంటా, పెద్ద గేమ్స్ విషయంలో కంప్యూటర్లు ముందున్నాయి. కానీ గేమ్‌ప్యాడ్ చూడండి, ఎడమ బొటనవేలు కింద ఆ ప్లస్ గుర్తు నింటెండో ఇంజనీర్ గున్‌పేయ్ యోకోయ్ 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ అనే జేబు గేమ్ కోసం చేసింది, ఫామికామ్ దాన్ని అందరి చేతుల్లోకి తెచ్చింది, ఇవాళ పీసీలో ఆడేవాళ్లు కూడా సగం గేమ్స్‌కి అదే ప్యాడ్ తగిలించుకుంటున్నారు.

జాయ్‌స్టిక్_జగ్గు

చాలు చాలు, వీడికి ఈ రాత్రి నిద్ర ఉండదు. ఇవి ఇప్పుడు ఆడి చూడాలంటే దేనితో మొదలెట్టాలి?

బీమ్_ఛేజర్

స్టెల్లా అని వీసీఎస్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో ఆ పాత మెషిన్‌లా పనిచేసే ప్రోగ్రామ్) ఉంది, ఫ్రీ. ముందు ప్యాక్‌మ్యాన్ పెట్టి దయ్యాలు ఎలా మిణుకుమిణుకుమంటాయో చూడండి, నాలుగింటినీ ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కోదాన్ని వంతులవారీగా గీస్తారు కాబట్టి అలా వస్తుంది. తర్వాత పిట్‌ఫాల్ ఆడండి, అది కూడా అదే మెషిన్, అదే 128 బైట్లు. స్టెల్లాలో డీబగ్గర్ (గేమ్ కోడ్‌ని ఆపి లోపల చూసే టూల్) కూడా ఉంది, ఓపికుంటే బీమ్ గీసే ఒక్కో లైన్ దగ్గర ఆపి చిప్‌లో ఏ విలువ ఎక్కడ మారుతోందో చూడొచ్చు. మీ ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి.