ఫకరవా అటోల్ వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

ఉప్పుగాలి:
ఆక్లాండ్‌లో ఉంటాం, ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. బోరా బోరా ధరలు చూస్తే కళ్లు తిరిగాయి, పైగా నీళ్ల మీద బంగళాలో కూర్చుని ఏం చేస్తామో అర్థం కాలేదు. ఫ్రాన్స్ కింద ఉన్న ఫ్రెంచ్ పోలినేషియాలో, ట్వామోటు దీవుల్లోని ఫకరవా మీదకి మనసు పోయింది, అది అటోల్, అంటే నడుమ ఉప్పునీటి మడుగు ఉండే పగడపు దీవుల వలయమట. నాకు ఈత వచ్చు, డైవింగ్ రాదు. మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. అది డైవర్లు మాత్రమే వెళ్లే చోటా? ఊళ్లో మనుషులతో కలిసే వీలుంటుందా?

అలలబాబాయ్:
డైవర్లకే అని ఎవరన్నారండీ. అసలు సంగతి నీటి పోటు. ఫ్రెంచ్ పోలినేషియాలో రంగిరోవా తర్వాత పెద్ద అటోల్ ఇదే, లగూన్ (ఆ నడిమి మడుగు) పొడవు దాదాపు 60 కిలోమీటర్లు, అంత నీళ్లూ ప్రధానంగా రెండు పాస్‌ల గుండానే, అంటే పగడపు గట్టులోని సందుల గుండానే వచ్చిపోవాలి. ఉత్తరాన గరువాయె కిలోమీటరున్నర పైనే వెడల్పు, దక్షిణాన టుమకోహువా చిన్నది. నీళ్లు సముద్రం నుంచి లోపలికి వస్తుంటే అద్దంలా ఉంటాయి, దూకి ఊరికే తేలుతూ ఉంటే ప్రవాహమే లగూన్‌లోకి మోసుకొస్తుంది, పడవ వెనకాలే వస్తుంది. అదే బయటికి లాగే టైమ్‌లో నీళ్లు మసక, మనిషిని సముద్రంలోకి ఈడ్చేస్తుంది. కాబట్టి ఫలానా రోజు పొద్దున తొమ్మిదికి షార్కులు చూడాలి అని ముందే రాసుకుని వెళ్లొద్దు, ఆ రోజు పోటు ఎప్పుడో పడవాయన చెప్పాక మిగతా ప్లాన్ వేసుకోండి. టుమకోహువాలో బూడిదరంగు రీఫ్ షార్కులు పరిశోధకుల లెక్కలో 700 దాకా తేలాయి. జూన్, జులైల్లో పున్నమి దగ్గర గుడ్లు పెట్టడానికి గ్రూపర్ చేపలు వేలల్లో అక్కడికి చేరతాయి, షార్కులకి అదే పెద్ద విందు. స్నార్కెల్ చేస్తూ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలుతూ) పైనుంచి చూసినా షార్కులు కనిపిస్తాయి, వాటి పని అవి చూసుకుంటాయి, మామూలుగా మన జోలికి రావు.

రేపటివాన:
బాబాయ్ గారు చెప్పేది నిజమే గానీ ఆ దక్షిణ పాస్‌కి ఊరి నుంచి లగూన్ మొత్తం దాటి పడవలో వెళ్లాలి. గాలి లేస్తే నడుం విరుగుతుంది. మా పడవాయన మధ్యాహ్నం మిగిలిన చేప ముక్కలు నీళ్లలోకి విసిరి షార్కులను పిలిచాడు, ఫొటోల కోసమట. నాకు నచ్చలేదు. అక్కడ షార్కుల వేట ఎప్పుడో నిషేధించారు, ఆ కమ్యూన్‌లోని (మన మండలం లాంటిది) ఏడు అటోల్‌లూ యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతం, ఆ పేరుకైనా విలువ ఉండాలి కదా. బుక్ చేసే ముందే మేత వేస్తారా అని అడగండి.

కోనసీమకాయ:
మనుషుల సంగతి అడిగారుగా. మాది అమలాపురం వైపు, అందుకే నేను చేపలకంటే కొబ్బరే ఎక్కువ చూశాను. అక్కడ ప్రతి చెట్టు మొదట్లో, మనిషి ఎత్తుకి పైన, మెరిసే రేకు చుట్టి ఉంటుంది, ఎలుకలు, పీతలు ఎక్కకుండా. మేమున్న పెన్షన్ (అక్కడ ఇంటివాళ్లే నడిపే చిన్న బసని అలా అంటారు) పెద్దాయన కాయను గొడ్డలితో ఒక్క దెబ్బకి రెండు చెక్కలు చేసి, వాన పడితే నీళ్లు నిలవకుండా బోర్లించి కుప్ప పెట్టాడు. మనలా కురిడీ కాదు. రెండు మూడు రోజులయ్యాక వంకర కత్తితో కొబ్బరి ఊడదీసి ఎత్తయిన తట్టల మీద ఎండబెడతారు, జరిపే రేకు కప్పు ఒకటి ఉంటుంది, మబ్బు పట్టగానే లాగేస్తారు. బస్తాలు సరుకుల ఓడలో రాజధాని పాపేటేలోని నూనె మిల్లుకు పోతాయి, ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది కాబట్టే గిట్టుతోంది అన్నాడు. నేనూ ఒక కత్తి పట్టి కూర్చున్నాక ఇంక ఫ్రెంచ్ రాకపోయినా ఇబ్బంది లేకపోయింది. ఆదివారం చర్చికి వెళ్లండి, ఏ మతమైనా ఎవరూ అడగరు, భుజాలు కప్పుకుంటే చాలు. ఆ గుంపు పాటలు మైకు లేకుండానే బయటి రోడ్డు దాకా వినిపిస్తాయి. డాన్స్ షోలు కావాలంటే మాత్రం జులైలో పాపేటేలో హేవా పండగకి వెళ్లాలి, ఇక్కడ అవన్నీ ఆశించొద్దు.

చార్మినార్‌పిల్ల:
ముత్యాల ఫారమ్ కూడా చూడండి. మన హైదరాబాద్ పత్తర్‌గట్టీలో చాలావరకు మంచినీటి ముత్యాలే కదా, ఇవి వేరు. నల్లపెదవి రకం ముత్యపు చిప్పను సందు మాత్రమే తెరిచి, లోపల చిన్న గాటు పెట్టి, అందులో మిసిసిపీ నది ఆల్చిప్పతో చేసిన గుండ్రటి పూస, దాంతో పాటు ఇంకో చిప్ప నుంచి కోసిన పొర ముక్క పెడతారు. చేసే మనిషి ఊపిరి బిగపట్టి చేస్తుంది, మనం కూడా బిగపడతాం. ముత్యం రావడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. అక్కడ కొనాలని లేదు, ఒకసారి చూశాక ధర ఎందుకంతో తెలుస్తుంది.

ఉప్పుగాలి:
అందరికీ థాంక్స్. మరి తిండి, వీసా?

అలలబాబాయ్:
వీసా విషయంలో టెన్షన్ పడాల్సిందే. మామూలు షెన్‌గెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) స్టిక్కర్ సాధారణంగా అక్కడ పనికిరాదు, ఫ్రెంచ్ పోలినేషియాకు చెల్లుతుందని దాని మీద రాసి ఉండాలి, ఫ్రెంచ్ వీసా దరఖాస్తులోనే అది విడిగా అడగండి. ఇంకో మాట, డేట్‌లైన్ దాటుతారు కాబట్టి సాధారణంగా ఆక్లాండ్‌లో ఎక్కిన రోజుకు ముందు రోజు పాపేటేలో దిగుతారు, హోటల్ తేదీ చూసి బుక్ చేయండి.

కోనసీమకాయ:
తిండి దగ్గర మీ ఆవిడకి కష్టమే. నిమ్మరసం, కొబ్బరిపాలు పోసిన పచ్చి ట్యూనా వాళ్లకు రోజువారీ భోజనం. కూరగాయలు ఓడలో రావాలి, ఓడ ఆలస్యమైతే కొట్లో ఉల్లిపాయలు కూడా ఉండవు. వంట గది ఉన్న పెన్షన్ తీసుకోండి, పప్పు, పోపు సామాను, కారప్పొడి పట్టుకెళ్లండి, బియ్యం అక్కడే దొరుకుతుంది. పచ్చి పళ్లు, విత్తనాలు మాత్రం వద్దు. మీరు చేప తింటారు కదా, రీఫ్ చేపల్లో కొన్నింటితో సిగ్వటేరా విషం ఎక్కుతుంది, వండినా పోదు, కాబట్టి ఊళ్లోవాళ్లు తినే చేపే తినండి. తాగే నీళ్లు వాననీళ్ల ట్యాంకువి, స్నానానికి ధారాళంగా వాడితే పెన్షన్ ఆంటీ మొహం మాడ్చుకుంటుంది.

రేపటివాన:
పాపేటేలోనే క్యాష్ తీసుకోండి. దోమల మందు మర్చిపోవద్దు, సాయంత్రం ఇసుకలో నోనో అనే చిన్న పురుగులు కుడితే వారం గోక్కుంటారు.