అప్‌డేట్: మా బ్యాండ్ మొదటి ఆల్బమ్ రికార్డింగ్ అయిపోయింది

మా రాక్ బ్యాండ్ మొదటి స్టూడియో ఆల్బమ్‌కి అందరం కలిసి ఒకేసారి వాయించాలా, ఒక్కో వాయిద్యం విడిగా రికార్డ్ చేయాలా అని ఇంతకుముందు ఇక్కడ ఒక పోస్ట్‌లో అడిగాను. చివరికి రెండూ కలిపాం.

డ్రమ్స్, బాస్, రిథమ్ గిటార్ వాళ్లు ఒకే గదిలో ఒకరినొకరు చూసుకుంటూ వాయించారు. గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) మాత్రం పక్క గదిలో పెట్టాం. లేకపోతే దాని శబ్దం డ్రమ్స్ మైకుల్లోకి దూరి, తర్వాత గిటార్‌లో చిన్న తప్పు దిద్దాలన్నా కుదరదు. గిటార్ సిగ్నల్‌ని డీఐ బాక్స్‌తో (ఆంప్, మైకు లేకుండా నేరుగా రికార్డింగ్‌కి పంపే చిన్న పెట్టె) విడిగా కూడా తీసుకోమని ఆ పోస్ట్‌కి వచ్చిన సలహా భలే పనికొచ్చింది. మిక్సింగ్‌లో (అన్ని ట్రాక్‌లనీ కలిపేటప్పుడు) టోన్ నచ్చని చోట, మళ్లీ వాయించకుండా ఆ సిగ్నల్‌నే వేరే ఆంప్‌లోకి పంపి రికార్డ్ చేశాం. వోకల్స్, సోలోలు తర్వాత. క్లిక్ ట్రాక్, అంటే వేగం తప్పకుండా హెడ్‌ఫోన్లలో వినిపించే టిక్ టిక్ శబ్దం, మా డ్రమ్మర్ వద్దన్నాడు (మొండి మనిషి), నెమ్మది పాటలకు తీసేశాం. కోరస్‌లో కాస్త వేగం పెరిగింది, నాకైతే అదే నచ్చింది.

అసలు గొడవ మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు సౌండ్‌ని చివరిగా సరిచేసే దశలో. ఇంకా గట్టిగా వినిపించాలని గిటారిస్ట్ పట్టు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే యూనిట్) దగ్గరకు సర్దేస్తుంది. అంతకన్నా గట్టిగా చేస్తే సౌండ్ తగ్గించేస్తుంది, గట్టిగా చేయడంలో పోయిన డ్రమ్స్ దెబ్బ పదును మాత్రం తిరిగిరాదు. రెండు వెర్షన్లూ ఒకే వాల్యూమ్‌లో వినిపిస్తే ఊరుకున్నాడు.

ప్రతి ట్రాక్‌కీ కావాల్సిన 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్‌లు (ఒక్కో రికార్డింగ్‌ని గుర్తించేవి) మా పాటల్ని స్పాటిఫై లాంటి యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటరే ఇచ్చారు. ఇప్పుడు పాటల వరుస మీద కొట్టుకుంటున్నాం.