కూల్‌డ్రింక్ ప్రకటనల మాయ గురించి పిల్లలకి ఎలా చెప్పాలి?

మా అబ్బాయికి 13 ఏళ్లు. ఈమధ్య దాహం వేసినా మంచినీళ్లు వద్దంటాడు, కూల్‌డ్రింకే కావాలట. వాడు అభిమానించే ఆటగాడే ప్రకటనలో అది తాగుతూ కనిపిస్తాడు మరి. టీవీ ప్రకటనైతే కనీసం ప్రకటన అని తెలుస్తుంది. వీడియోలు చేసేవాళ్లు సీసా పక్కన పెట్టుకుని కబుర్లు చెబుతుంటే, దానికి డబ్బు తీసుకుని ఉండొచ్చని కూడా వాడికి తట్టదు. నా టెన్షన్ అంతా దీని గురించే.

330 మి.లీ. కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 8 టీస్పూన్లకు పైనే. పిల్లల మీద ఇలాంటి ప్రకటనల ప్రభావం తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. ఇవన్నీ చెబితే "అందరూ తాగుతున్నారు కదమ్మా" అంటాడు. గట్టిగా తిడితే చాటుగా తాగుతాడేమోనని భయం.

ఈ వయసు పిల్లలున్నవాళ్లు, టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ప్రకటన వెనక వ్యాపారం ఎలా నడుస్తుందో మీ పిల్లలకి ఎలా అర్థమయ్యేలా చెప్పారు? ఏ మాట పనిచేసింది?