సమస్య: తెర పెరుగగ బొమ్మ తరిగిపోయె

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది ఛందంలో: నాలుగో పాదం మాది, పై మూడు పాదాలు రాసి పూరించడం మీ వంతు. పాత సీరియళ్లు స్ట్రీమింగ్‌కి ఎక్కాక ఏ గతి పట్టాయో చూస్తుంటే నాలుగో పాదం దానంతటదే వచ్చి పడింది.

తెర పెరుగగ బొమ్మ తరిగిపోయె

టీవీ, రాక్ సంగీతం, స్ట్రీమింగ్, ఈ మూడింటి పొలిమేర దాటొద్దు. అరసున్న గారికి ప్రత్యేక మనవి: తప్పులు పట్టడానికి ముందు తమ పూరణ ఒకటి పెట్టాలి.

గణగణ: పాదం మొదటి అక్షరంతో మధ్యలో యతి అక్షరం కలవాలి కదా, తె–త యతా? మొదటి అడుగులోనే తడబాటా?

అరసున్న: తెర–తరి. ప్రాసయతి, మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు ర–రి కలిశాయి. ఇక పద్యాలు కానివ్వండి.

రీలుబండి:

నాల్గు మూడు చట్రనాటకమ్మును దీసి
పైన క్రింద కోసి పఱచినారు
గొట్టమొక్కటనుచు గుట్టు తెల్పెడు చోట
తెర పెరుగగ బొమ్మ తరిగిపోయె

అమెరికా కార్టూన్ సీరియల్ ద సింప్సన్స్, డఫ్ బీరు కార్ఖానా సన్నివేశం. డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు తొట్లు ఉంటాయి, మూడింట్లోకీ పైనుంచి వచ్చే గొట్టం మాత్రం ఒక్కటే. జోకంతా ఆ గొట్టంలోనే ఉంది. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు పాత టీవీల 4:3 బొమ్మని (వెడల్పు 4, ఎత్తు 3) ఇప్పటి వెడల్పు తెరల 16:9కి నింపి పెట్టారు. గొట్టం పోయింది, తొట్లు మిగిలాయి.

అరసున్న: ‘చట్రనాటకము’ తెలుగు మాటకి సంస్కృత పదం అతికించిన వైరిసమాసం. గొ–గు యతి చక్కగా కూర్చి, మొదటి పాదంలో బోల్తా కొట్టారు.

రీలుబండి: గొట్టం సంగతి చెప్పండి స్వామీ.

అరసున్న: గొట్టం బాగుంది.

ఎల్పీ మామ: గొట్టమే కాదు నాయనా, లెక్క కూడా కుదిరింది. 4:3ని 16:9లో నింపాలంటే ఎత్తులో సరిగ్గా పావు వంతు పోవాల్సిందే. 480 గీతల బొమ్మలో మిగిలేవి 360. వాటినే 1080కి సాగదీసి ‘హెచ్‌డీ’ అంటారు. అందుకే తలలు తెగడమే కాకుండా ముఖాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి.

వలపలగిలక: డిస్నీ ప్లస్‌లో విరుగుడు ఉందండీ. 2020 మే నుంచి అసలు కొలతలో చూసే వీలిచ్చారు. సీరియల్ పేజీలో ‘డీటెయిల్స్’లోకి వెళ్లి ‘రీమాస్టర్డ్ ఆస్పెక్ట్ రేషియో’ మీట ఆపేయాలి. ఆపాక కూడా తలలు తెగుతుంటే తప్పు మీ టీవీది. పిక్చర్ సైజు ‘జూమ్’లో ఉండిపోయి ఉంటుంది. 2009 ఫిబ్రవరి నుంచి వచ్చిన భాగాలు పుట్టుకతోనే 16:9, వాటికి ఈ మీటతో పని లేదు. పక్కన నల్లపట్టీలు వస్తే బొమ్మ చిన్నదైపోయిందని గొడవ చేసేవాళ్ల కోసం ఇంకో మాట: 55 అంగుళాల టీవీలో 4:3 బొమ్మ దాదాపు 45 అంగుళాలు ఉంటుంది, ఎత్తు తగ్గదు.

గణగణ:

గుంత చుట్టు తిరుగు కొంటె ముచ్చట, గుంత
క్రింది యంచుతోడ కృంగిపోయె
నవ్వు వచ్చు, కాని నవ్వుటెందులకన
తెర పెరుగగ బొమ్మ తరిగిపోయె

అమెరికా హాస్య సీరియల్ సైన్‌ఫెల్డ్. 2021 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చింది. ఈ భాగం పేరే రోడ్డు మీది గుంత, జార్జి అనే పాత్ర తాళంచెవుల గొడవంతా ఆ గుంతతోనే. తెర మీద మాత్రం జార్జి తలవంచి చూస్తుంటాడు, ఏం చూస్తున్నాడో మనకి కనపడదు.

నిర్వాహకులు: ‘నవ్వుటెందులకన’ అని అడిగి సమస్యనే జవాబుగా ఇచ్చేశారు! జనం నవ్వు వినిపిస్తుంది, నవ్వించిన వస్తువు తెర మీద లేదు. భేష్.

అరసున్న: భేషుకి ముందు రెండో పాదం చూడండి. ధాతువు ‘క్రుంగు’. ‘కృంగు’ అని లేదు. క్రిం–క్రు అంటే యతి ఎగిరిపోయింది.

గణగణ: పత్రికల్లో రోజూ ‘కృంగుబాటు’ అనే చదువుతున్నాం కదండీ.

అరసున్న: పత్రికలకి యతి అక్కర్లేదు.

ఎల్పీ మామ: ‘క్రింది యంచుతోడ గిట్టిపోయె’ అనుకోండి, గొడవ వదిలిపోతుంది. గుంత క్రుంగిందనడం కంటే గిట్టిందనడంలోనే చమత్కారం ఉంది కూడా.

రీలుబండి: యతి అతికింది గానీ, సైన్‌ఫెల్డ్‌ని సింప్సన్స్‌తో ఒకే గాటన కట్టడం సరికాదు. సైన్‌ఫెల్డ్ తీసింది 35 ఎంఎం ఫిల్మ్ మీద. కొత్త ప్రతిలో పైనా కిందా కోసినా, పక్కలు కాస్త అదనంగా తెరిచారు. ఫ్రెండ్స్ సీరియల్ వెడల్పు ప్రతిలోనూ పక్కలు తెరిచారు, దాంతో అసలు నటి చోట నిలబెట్టిన మనిషి కొన్ని షాట్లలో పట్టుబడిపోయింది. అక్కడ తెర పెరిగి బొమ్మా పెరిగింది, పరువు తరిగింది. స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ సీరియల్ వాళ్లు 2012లో ఫిల్మ్ నుంచి హెచ్‌డీ చేసినా 4:3లోనే ఉంచేశారు. తెరిస్తే పక్కనున్న లైట్లూ స్టాండ్లూ బయటపడతాయని వాళ్లకి తెలుసు. నా లెక్కలో బుద్ధిగా చేసింది వాళ్లే.

ఎల్పీ మామ: అందరూ టీవీ మీదే పడ్డారు. రాక్ వైపు ఎవరూ రారేం?

అడుగు వెడలుపైన యట్టపై చిత్తర్వు
బిళ్ళ పెట్టెలోన బిగిసె పిదప
నేడు గోరు మీద నిమిడెడు ముద్రయే
తెర పెరుగగ బొమ్మ తరిగిపోయె

ఎల్పీ (పెద్ద గ్రామఫోను రికార్డు) అట్ట వెడల్పు పన్నెండు అంగుళాల పైమాటే. సీడీకి వచ్చేసరికి పన్నెండు సెంటీమీటర్లు, అంటే వైశాల్యంలో ఏడో వంతు. 1967లో బీటిల్స్ వాళ్ల సార్జెంట్ పెప్పర్స్ అట్ట వెనక పాటలన్నీ అచ్చువేశారు, ఆ అక్షరాలు ఇప్పటి స్ట్రీమింగ్ యాప్‌లోని గోరంత ముద్రలో ఎవరు చదువుతారు? 1970 నాటి లెడ్ జెప్పెలిన్ మూడో ఆల్బం అట్టలో తిరిగే చక్రం ఉంది. తిప్పితే కన్నాల్లోంచి బొమ్మలు మారతాయి. స్ట్రీమింగ్‌లో ఏం తిప్పుతారు?

వలపలగిలక: మామగారూ, 1971 నాటి రోలింగ్ స్టోన్స్ వాళ్ల స్టికీ ఫింగర్స్ అట్ట మరిచిపోయారా? దానికి నిజం జిప్పే కుట్టారు. దొంతరగా పేర్చి పంపితే ఆ జిప్పు పై రికార్డు గాడిలో నొక్కుకుని గుంట పడేది. చివరికి జిప్పుని సగం దాకా కిందికి లాగి పంపడం మొదలెట్టారు. అప్పుడు ఒత్తిడి మధ్యనున్న లేబుల్ కాగితం మీద పడుతుంది, పాట దెబ్బతినదు.

గణగణ: జిప్పు ముచ్చట తర్వాత. మామగారి పద్యంలో తెర ఏదీ? గోరంత ముద్ర ఉంది, పెరిగిన తెర లేదు. సమస్యని తోక పట్టుకుని ఈడ్చుకొచ్చినట్టుంది.

అరసున్న: గణగణ ఈసారి సరిగ్గా పట్టాడు. మూడో పాదం ఇలా తిప్పితే చాలు:

గోడ నిండు టీవి గోరంత ముద్రయే

ఎల్పీ మామ: బాగానే ఉంది గానీ, ‘గోరు మీద’ అన్నప్పుడు నేను మనసులో పెట్టుకున్న వేలెడంత ఫోను నా పద్యంలోంచి మాయమైంది. పోనీలెండి, గోడకే ఓటు.

నిర్వాహకులు: అరసున్న గారూ, మరి తమ పూరణ?

అరసున్న:

నడుము నూపునంచు నదరిపోయిన వారు
మొలకు క్రింద చూపు మూసినారు
కోట్ల కనులు వచ్చి కూర్చున్న రాతిరి
తెర పెరుగగ బొమ్మ తరిగిపోయె

1957 జనవరి 6, ఎడ్ సలివాన్ టీవీ షోలో రాక్ గాయకుడు ఎల్విస్. కెమెరా నడుము దిగలేదు. ఇక్కడ తెర అంటే అడ్డుతెర.

వలపలగిలక: ఓహో! అందరం కొలతల్లో కొట్టుకుంటుంటే ఈయన తెరనే వేరేది చేసేశారు. మొ–మూ, కో–కూ, ఎక్కడా గుచ్చడానికి సందు లేదు.

రీలుబండి: ఛందస్సులో లేదేమో, చరిత్రలో ఉంది. ఎల్విస్ ఆ షోకి మూడుసార్లు వచ్చాడు. దాదాపు ఆరు కోట్ల మంది చూశారని చెప్పుకునేది మొదటిది, 1956 సెప్టెంబరు 9. ఆ రాత్రి సలివాన్ అసలు లేనేలేడు. కారు ప్రమాదం నుంచి కోలుకుంటుంటే చార్లెస్ లాటన్ నడిపాడు. కార్యక్రమమంతా నడుము పైనే చూపించింది మూడోసారి. కనులు మొదటి రాత్రివీ, కోత మూడో రాత్రిదీ తెచ్చి ఒకే పద్యంలో అతికించారు.

అరసున్న: మూడో రాత్రి జనం కళ్లు మూసుకుని కూర్చున్నారా? ‘ఆరు కోట్ల’ అని నేను రాయలేదు, ‘కోట్ల’ అన్నాను. అయినా లెక్కలు ఎవరు చెబుతున్నారో చూడండి! పోయిన నెల పాల్ (సెకనుకి 25 ఫ్రేముల పాత టీవీ పద్ధతి) మీది పద్యంలో ‘శ్రుతి దిగెను’ అన్నది తమరే కదా? 24 ఫ్రేముల ఫిల్ముని 25గా నడిపితే వేగం నాలుగు శాతం పెరుగుతుంది. 50 నిమిషాలది 48లో అయిపోతుంది. శ్రుతి ముప్పావు స్వరస్థానం దాకా పైకెక్కుతుంది. దిగడమేమిటి?

రీలుబండి: పాల్ ప్రతికి అలవాటు పడ్డ చెవికి అసలు ప్రతి వినిపిస్తే దిగినట్టే ఉంటుంది. ఆ పద్యంలో వినేవాడు అలాంటివాడే, రెండో పాదం మళ్లీ చదవండి.

గణగణ: రెండో పాదంలో గణం కూడా ఒకటి ఎక్కువైంది, అప్పుడు చెబితే ఎవరూ వినలేదు.

నిర్వాహకులు: పాల్ పంచాయితీ పాత థ్రెడ్‌లో తేల్చుకోండి. ఈ వారం నా ఓటు గుంతకే, ‘గిట్టిపోయె’ దిద్దుబాటుతో. గడువు ఆదివారం రాత్రి దాకా ఉంది. ఎల్పీ మామ గారూ, ఆ జిప్పు మీద ఇంకో పూరణ వస్తే పంపండి.