ఉన్న టేబుల్‌ను లేదనే 00942: ముందు వెతకవలసింది డెవలపరా, డీబీఏనా?

సెమికోలన్:
మా సంస్థ పనులన్నీ చూసే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ డేటాబేస్ మీద నడుస్తుంది. మొన్నటి రిలీజ్‌లో ఇన్‌వాయిస్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే ఉంచే ప్రోగ్రామ్) ఒకటి ప్రొడక్షన్‌లో, అంటే అసలు పని నడిచే డేటాబేస్‌లో, కంపైల్ కాలేదు. ఓఆర్‌ఏ-00942, అంటే ‘టేబుల్ గాని వ్యూ గాని లేదు’ అన్న ఎర్రర్ వచ్చింది. ప్రొసీజర్ ఉన్న యూజర్‌తోనే డీబీఏలు (డేటాబేస్ నిర్వాహకులు) లాగిన్ అయి ఆ టేబుల్ మీద సెలెక్ట్ (డేటా చదివే ఆదేశం) నడిపితే వరసలు చక్కగా వచ్చాయట. టెస్ట్‌లో ఇదే కోడ్‌కు ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి ఇటువంటప్పుడు కోడ్‌ను అనుమానించే ముందు డీబీఏలు తమ వైపు సరిచూసుకోవాలని నా వాదన.

రాత్రికాపలా:
నేను డీబీఏని, ఒప్పుకోను. టేబుల్ పేరు ముందు స్కీమా (దాని యజమాని యూజర్) పేరు రాశామా, సినానిమ్ (మారుపేరు) ఉందా అని చూసుకుని నా దగ్గరకు వచ్చినవారు అరుదు. ఒకాయన టేబుల్ పేరును డబుల్ కోట్స్‌లో చిన్న అక్షరాలతో పెట్టి సృష్టించి, ఆ తర్వాత కోట్స్ లేకుండా పిలిచారు. కోట్స్ లేని పేరును ఒరాకిల్ పెద్ద అక్షరాలుగా మార్చుకుని వెతుకుతుంది కనుక, కళ్లెదుట ఉన్న టేబుల్ కూడా దానికి దొరకదు. నన్ను రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టి, చివరికి ‘చిన్న పొరపాటండీ’ అన్నారు.

సెమికోలన్:
కోట్స్ సంగతి నేను అడగలేదు. నా కోడ్‌లో కోట్స్ లేవు.

రాత్రికాపలా:
లేవని చూశారా, అనుకుంటున్నారా?

పాతకాపు:
కోట్స్ గొడవ వదిలేయండి. సెలెక్ట్ పనిచేసి ప్రొసీజర్ కంపైల్ కాలేదంటే, ఆ యూజర్‌కు టేబుల్ మీద హక్కు నేరుగా కాక రోల్ (కొన్ని హక్కులను కలిపి కట్టిన మూట) ద్వారా వచ్చి ఉంటుంది. మామూలుగా రాసిన ప్రొసీజర్ యజమాని హక్కులతో నడుస్తుంది. రోల్ ద్వారా వచ్చినవి అక్కడ లెక్కలోకి రావు. అదే యూజర్‌తో లాగిన్ అయి, రోల్స్ అన్నీ ఆపే ‘సెట్ రోల్ నన్’ అని కొట్టి, మళ్లీ అదే సెలెక్ట్ నడపండి. 00942 వస్తే జబ్బు దొరికినట్టే. టేబుల్ యజమాని ఆ యూజర్‌కు నేరుగా గ్రాంట్ (హక్కు) ఇస్తే సరిపోతుంది. ఏ హక్కూ లేనివాడికి ఆ టేబుల్ ఉన్న సంగతి కూడా తెలియనివ్వదు ఒరాకిల్. సెలెక్ట్ హక్కు ఉండి అప్‌డేట్ (మార్చే) హక్కు లేకపోతే మాత్రం, దాచేదేమీ లేదు కనుక, హక్కులు చాలవంటూ సాధారణంగా 01031 ఎర్రర్ ఇస్తుంది.

కొత్తపాఠం:
ఒరాకిల్ 23ఏఐ వెర్షన్‌లో 00942 ఎర్రర్ టేబుల్ పేరు కూడా చూపుతోంది. అంతకుముందు వాటిలో ఆ పేరే ఉండేది కాదు.

సెమికోలన్:
గ్రాంట్ ఇవ్వవలసింది డీబీఏలే కదా! నేను చెప్పిందీ అదే.

రాత్రికాపలా:
రిలీజ్ స్క్రిప్ట్‌లో గ్రాంట్ లైన్ లేకపోతే మాకు కలలో తెలుస్తుందా? టెస్ట్‌లో ఎప్పుడో మీరే చేత్తో ఇచ్చుకుని మరచిపోయి ఉంటారు. తప్పు మీది, నిద్ర మాది.

సెమికోలన్:
మరచిపోయానో లేదో చూసుకోవడానికి ప్రొడక్షన్‌లో నాకు లాగిన్ ఉంటే కదా! ‘టేబుల్ ఉందా’ అని ఒక టికెట్, ‘హక్కు ఉందా’ అని ఇంకొకటి పెడితే రెండింటికీ ‘ఉంది’ అన్న ఒక్క ముక్కే జవాబు. రోల్ ద్వారానా, నేరుగానా అన్నది ఎవరూ చెప్పలేదు. ఆఖరికి సమీక్ష నివేదికలో ‘డెవలపర్ తప్పిదం’ అని నా పేరు ఎక్కించారు. చూడనివ్వరు, చూడలేదని నింద వేస్తారు.

పాతకాపు:
ఇదీ అసలు సంగతి. మొదటి పోస్టులోనే రాసి ఉంటే మనకు ఇంత శ్రమ తప్పేది.

రాత్రికాపలా:
ఒకప్పుడు చూసే హక్కు ఇచ్చాం. ఒకరు ఆ లాగిన్‌తో నెలాఖరున పెద్ద పెద్ద టేబుళ్లను కలిపి క్వెరీ నడిపితే జీతాల ప్రాసెస్ చతికిలబడింది. సంజాయిషీ రాసింది ఆయన కాదు, నేను.

పాతకాపు:
డేటా చూడడం వేరు, డిక్షనరీ, అంటే ఏ టేబుల్ ఎవరిది, ఎవరికి ఏ హక్కు ఉంది అన్న వివరాల పట్టిక, చూడడం వేరు. డిక్షనరీలోని ఆల్_ఆబ్జెక్ట్స్ వ్యూలో ఎవరికి అందుబాటులో ఉన్నవి వారికే కనిపిస్తాయి కనుక డెవలపర్‌కు అది చాలదు. డీబీఏ_ఆబ్జెక్ట్స్, డీబీఏ_ట్యాబ్_ప్రివ్స్ వ్యూల మీద సెలెక్ట్ ఇచ్చినంత మాత్రాన ఇన్‌వాయిస్‌లో ఒక్క వరస కూడా బయటపడదు.

రాత్రికాపలా:
ఆ రెండింటి వరకే అయితే మా మేనేజర్‌ను అడగడానికి నాకు అభ్యంతరం లేదు. డేటా మాత్రం ఇవ్వం.

సెమికోలన్:
మా డీబీఏలతో ‘సెట్ రోల్ నన్’ కొట్టించాను, 00942 వచ్చింది. గ్రాంట్ లైన్ స్క్రిప్ట్‌లో లేని మాట నిజమే, ఇప్పుడు చేర్చాను. ఆ నివేదికలో నా పేరు సంగతి మాత్రం వదలను.